లీటరు ఆయిలుకు మూడు యూనిట్లు

మా అక్క కొడుకు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తి చేసి ఈ ఎండాకాలం నా చేతి కిందికి వచ్చాడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను జనరేటర్ చూసుకుంటాను. ఇరవై రెండేళ్లయింది. వాడొచ్చిన మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను టిఫిన్ డబ్బా విప్పుకొని కూర్చున్నాను. "నువ్వు తినుపో మామా, నేను చూస్త" అని ఉరికాడు. తాళం తిప్పాడు, ఇంజన్ అందుకుంది, బ్రేకర్ ఎత్తాడు, లోపలికి పోయి, గదులను చల్లబరిచే రెండు కంప్రెసర్ల పచ్చ బటన్లు టకటకా నొక్కాడు. నా చేతిలో ముద్ద నోటిదాకా రాలేదు, బయట ఇంజన్ ఒక్కసారి మూలిగి, గొట్టం నిండా నల్లటి పొగ కక్కి ఆగిపోయింది.

"స్టార్ట్ అయింది గద మామా, మల్లెందుకు బంద్ పడ్డది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు వారం పట్టింది. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. రైస్ మిల్లులోనో, ఫంక్షన్ హాల్లోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్లోనో ఒక డీజిల్ సెట్టు తాళం మీ చేతికొస్తే పనికొస్తుంది.

ముందు ఇంజన్ సంగతి. వర్ధన్నపేట దిక్కు మా ఊళ్లో, బావి మీదికి కరెంటు మోటారు రాకముందు, మా నాయిన దగ్గర 5 హార్స్‌పవర్ ఆయిలింజన్ ఉండేది. హ్యాండిల్ పెట్టి తిప్పాలి. పైన చిన్న లివర్ ఎత్తి పెడితే లోపలి గాలి బయటికి పోతూ ఉంటుంది, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. వేగం అందుకున్నాక లివర్ దించితే గాలి లోపలే చిక్కుతుంది. అప్పుడు ఢబ్బుమని మొదటి దెబ్బ. హ్యాండిల్ పట్టు వదలడం ఆలస్యమైతే మణికట్టు పోతుంది. పెట్రోల్ బండికి ఉన్నట్టు దానికి ప్లగ్గు లేదు, నిప్పురవ్వ లేదు. మరి ఆయిల్ ఎట్లా అంటుకుంటుంది? సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు పట్టుకుని చూడండి, కాలుతుంది. గాలిని అణిస్తే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజన్లో పదహారు, పద్దెనిమిదో వంతుకు అణుస్తారు. ఆ గాలి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి డీజిల్‌ను పొగమంచులాగా చిమ్మితే తనంతట తనే భగ్గుమంటుంది. ఇది రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీర్ ఆలోచన, 1897లో ఆయన ఇంజన్ బాగా నడిచి చూపించింది. మనం పోసే ఆయిల్‌కు ఆయన పేరే మిగిలింది.

మా కోల్డ్ స్టోరేజీలోది 125 కేవీఏ సెట్టు (కేవీఏ అంటే సెట్టు సత్తాకు కొలత, లెక్క కింద చెప్తా), ఆరు సిలిండర్లు, నిమిషానికి 1500 చుట్లు. నాలుగు దశల ఇంజన్ కాబట్టి ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి పేలుతుంది. లెక్క కడితే ఆరూ కలిసి సెకనుకు 75 పేలుళ్లు. గంటకు 18 లీటర్లు తాగుతున్నప్పుడు ఒక్కో పేలుడుకు పడే ఆయిల్ ఎంతో మా అల్లుడితో కాగితం మీద వేయించాను. చుక్క కంటే కాస్త ఎక్కువ, అంతే. చంటిపిల్లలకు పోలియో మందు వేసేదాని కంటే తక్కువ. ఆ చుక్కే బస్తాల గదులను చల్లగా ఉంచుతోంది.

ఇంజన్ తిప్పేది పక్కనున్న ఆల్టర్నేటర్‌ను. దాని లోపల రాగి చుట్టల మధ్య అయస్కాంతం తిరుగుతుంది. అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని ఫారడే 1831లో కనిపెట్టాడు, ఈ రెండు వందల ఏళ్లలో సూత్రం మారలేదు. మా దాంట్లో నాలుగు ధ్రువాలు, అంటే రెండు జతలు. నిమిషానికి 1500 అంటే సెకనుకు 25 చుట్లు, రెండు జతలతో గుణిస్తే 50. మన ఇళ్లకొచ్చే 50 హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగడం, అదే. అందుకే నేను హెర్ట్జ్ మీటర్‌ను ఇంజన్ నాడి అంటాను. ముల్లు 47కు పడితే వోల్టేజీ సంగతి తర్వాత, ఇంజన్ అలసిపోతోందని అర్థం.

ఇప్పుడు అసలు మాట. సైకిల్‌కు డైనమో ఉన్న రోజుల్లో తొక్కినవాళ్లకు తెలుసు. చీకట్లో డైనమోను టైరుకు ఆనిస్తే పెడల్ బరువెక్కేది. దాంట్లో కొంత రాపిడి. కానీ లైటు తీగ ఊడిపోతే, డైనమో టైరుకు ఆని ఉన్నా, కాళ్లకు తేలికయ్యేది. లైటు వెలగడమే ఆ బరువు. ఆల్టర్నేటర్ కూడా అంతే. ఎవరూ కరెంటు వాడకపోతే గాలిలో తిరిగినట్టు తిరుగుతుంది. ఒక మోటారు ఆన్ చేయగానే చుట్టల్లో కరెంటు పారుతుంది, ఆ కరెంటు తన అయస్కాంతాన్ని తానే తెచ్చుకుని తిరిగేదాన్ని వెనక్కి గుంజుతుంది. ఇంజన్‌కు అది బ్రేక్. చుట్లు తగ్గగానే గవర్నర్, అంటే ఇంజన్ వేగాన్ని కాచుకునే పరికరం, పసిగట్టి చుక్కను పెద్దది చేస్తుంది. జనరేటర్ అంటే కరెంటు నింపిన ట్యాంకు కాదు. ఏ క్షణం ఎంత అడిగితే ఆ క్షణం అంత ఆయిల్ కాల్చి అంతే ఇస్తుంది. చల్లటి ఇంజన్‌ను, గవర్నర్ అందుకునేలోపు, రెండు 40 హార్స్‌పవర్ మోటార్లు ఒక్కసారే అడిగితే అది చచ్చిపోయింది. మోటారు లేచేటప్పుడు, నేరుగా పెడితే, మామూలు కంటే ఆరేడు రెట్ల కరెంటు లాగుతుంది. స్టార్-డెల్టా స్టార్టర్, అంటే మోటారును ముందు తక్కువ వోల్టేజీతో లేపి తర్వాత పూర్తి వోల్టేజీకి మార్చేది, ఉంటే లైను మీద అందులో మూడో వంతే పడుతుంది. అయినా అది చిన్న దెబ్బ కాదు.

ఆయిల్‌తో కరెంటు తీసే దారి ఇదొక్కటే కాదు. పొయ్యిలో ఆయిల్ కాల్చి, నీళ్లు కాచి, ఆవిరితో టర్బైన్ తిప్పొచ్చు. చెల్పూరు కాకతీయ థర్మల్‌లో బొగ్గు కాలుస్తారు గానీ, అక్కడ కూడా చల్లారిన బాయిలర్‌ను ముందు రాజేసేది ఆయిల్‌తోనే. కేరళలో కోజికోడ్ దగ్గర 128 మెగావాట్ల డీజిల్ ప్లాంటు కట్టారు, ఒక్కోటి 16 మెగావాట్ల ఇంజన్లు ఎనిమిది. లక్షద్వీప్‌లో దీవులకు ఓడల్లో డీజిల్ తెచ్చి కరెంటు చేస్తారు. పద్ధతి మా షెడ్డులోదే, చుక్కే పెద్దది. మనోళ్లు ఇంకో తమాషా కూడా చూడొచ్చు. రామగుండం బి-థర్మల్‌లో 1971లో మొదలై 2024లో మూతపడ్డ యూనిట్ 62.5 మెగావాట్లు, మన ఫంక్షన్ హాళ్ల ముందు కనబడే సెట్టు 62.5 కేవీఏ. అంకె ఒక్కటే, మధ్యలో వెయ్యి రెట్లకు పైగా తేడా.

కేవీఏ మాటొచ్చింది కాబట్టి: దాన్ని 0.8తో గుణిస్తే కిలోవాట్లు. 125కు 100 కిలోవాట్లు, 415 వోల్టుల దగ్గర ఫేజుకు 174 ఆంపియర్లు. నేను 140 దాటనివ్వను. మూడు ఫేజుల అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. లైట్లూ ఏసీలూ అన్నీ ఒకే ఫేజు మీద వేసిన మహానుభావులను చూశాను.

ఇక స్టార్ట్ చేసే వరస. పొద్దున వచ్చీరాగానే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, డిప్‌స్టిక్ గుంజి గుడ్డతో తుడిచి, మళ్లీ దించి చూస్తాను. ఇంజన్ ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే విప్పాలి, వేడి మీద విప్పితే ముఖం మీద పడుతుంది. మాకు రెండు 12 వోల్టుల బ్యాటరీలు, వరసగా కలిపి 24. టెర్మినళ్ల మీద పచ్చటి పొడి పేరుకుంటే వేడినీళ్లతో కడిగి గ్రీజు రాస్తాను. సగం "స్టార్ట్ అవుతలేదు" ఫోన్లు ఆ పచ్చ పొడి దగ్గరే తేలతాయి. తర్వాత ఫిల్టర్ కింది గాజు గిన్నె. డీజిల్ అడుగున నీళ్లు గోలీకాయలాగా ముద్దగా కనిపిస్తాయి, గిన్నె కొంచెం ఊపితే కదులుతాయి. కింది కాక్ రెండు తిప్పులు వదులు చేస్తే ముందు నీళ్లు, వెనకే ఎర్రటి పసుపు రంగులో డీజిల్ వస్తుంది. డీజిల్ రాగానే బిగించాలి. ఈ పని ఒక నిమిషం. చేయకపోతే ఆ నీళ్లు పోయి పంపులో, డీజిల్ చిమ్మే నాజిళ్లలో తుప్పు పెడతాయి, ఆ బిల్లు సేటుకు చూపించే ధైర్యం నాకు లేదు.

తాళం ఒకసారికి పది సెకన్లకు మించి పట్టకండి. అందుకోకపోతే అర నిమిషం ఆగి మళ్లీ. అందుకోగానే చూపు ఆయిల్ ప్రెషర్ మీద. కొన్ని సెకన్లలో లేవకపోతే ఇంకేం ఆలోచించకుండా ఆపేయాలి. లేచిందా, వోల్టేజీ 415, హెర్ట్జ్ 51 నుంచి 52 మధ్య ఉందో చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ ఉండటమే న్యాయం, లోడు ఎక్కాక 50కి దిగుతుంది. మూడు నిమిషాలు అట్లే వదిలేస్తాను. మా అల్లుడికి ఈ మూడు నిమిషాలు మహా కష్టం. ఫోన్ తీస్తాడు, మళ్లీ జేబులో పెడతాడు. తర్వాత బ్రేకర్ ఎత్తి లైట్లు, ఫ్యాన్లు. హెర్ట్జ్ నిలబడ్డాక మొదటి కంప్రెసర్, అదీ లోడు తీసేసి ఖాళీగా. స్టార్ నుంచి డెల్టాకు మారేటప్పుడు ముల్లు 48కి ముక్కు వంచి మళ్లీ లేస్తుంది. అది పూర్తిగా లేచి కుదురుకున్నాక, ఇంకో నిమిషం ఆగి, రెండోది.

నడుస్తుండగా పొగ చూడండి. కనబడీ కనబడనట్టు ఉంటే మంచిది. నల్లగా వస్తే లోడెక్కువ, లేదా గాలి చాలట్లేదు. మేడారం జాతరకు కిరాయికి పోయొచ్చిన సెట్టు ఒకటి మా దగ్గరికి మరమ్మతుకొచ్చింది, ఎయిర్ ఫిల్టర్ దులిపితే తట్టెడు ఎర్రమట్టి. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ చలిలో స్టార్ట్ చేసినప్పుడు కాసేపు రావడం మామూలే, వేడెక్కినా ఆగకపోతే మెకానిక్‌ను పిలవాలి.

పొగతో ఇంకో భయముంది, దానికి రంగూ వాసనా లేదు. కార్బన్ మోనాక్సైడ్. చలికాలంలో వాచ్‌మన్ వెచ్చగా ఉందని జనరేటర్ గదిలో దుప్పటి పరుచుకుంటే తెల్లారి లేవడు. గొట్టం బయటికి, పైకి ఉండాలి. గదికి గాలి ఆడాలి. సెల్లార్లో పెట్టేవాళ్లు నీటి సంగతి కూడా చూసుకోండి. 2023 జులై వానలకు వరంగల్‌లో కాలనీలే మునిగాయి. ఒక ఫంక్షన్ హాల్ సెల్లార్లో సెట్టు ఆల్టర్నేటర్ దాకా నీళ్లలో నిలబడటం నేను చూశాను. మోకాలెత్తు దిమ్మె కట్టి ఉంటే బతికేది.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది చేంజోవర్ స్విచ్ గురించి. ఒక చోట, ఊరు చెప్పను, పెళ్లి పందిట్లో జనరేటర్ తీగకు మగ ప్లగ్గు పెట్టి గోడ సాకెట్లోకి గుచ్చారు. మెయిన్ దించలేదు. "ఇల్లంతా వస్తది అన్నా" అని గర్వంగా చెప్పాడు ఆ పిల్లాడు. వచ్చేది ఇల్లంతానే కాదు, ఊరంతా. వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను మనకు 415 దగ్గరికి దించుతుంది. అటు నుంచి ఇటు దించేదే, ఇటు నుంచి అటు ఎక్కిస్తుంది కూడా. మీ సెట్టు కరెంటు వెనక్కి పోయి తీగల మీద 11,000 అవుతుంది. లైను బంద్ ఉందని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ దాన్ని పట్టుకుంటాడు. నేను ఆ ప్లగ్గు గుంజి తీగ కత్తిరించాను. పెళ్లివాళ్లు నన్ను తిట్టారు, తిట్టనీ. ఒక పక్క లైను, మధ్యలో సున్నా, ఇంకో పక్క జనరేటర్ ఉన్న స్విచ్ పెడితే రెండూ ఒకేసారి కలవడానికి వీలే ఉండదు. అది లేని చోట నేను పని ఒప్పుకోను. ఎర్తింగ్ కూడా అంతే. సెట్టు బాడీకి రెండు, న్యూట్రల్‌కు వేరుగా రెండు గుంతలు, ఎండాకాలం వాటిలో నీళ్లు పోయడం మరవొద్దు.

మా అల్లుడు రెండో వారంలో ఇంకో పాఠం తెచ్చిపెట్టాడు. ట్యాంకు పూర్తిగా ఎండబెట్టాడు. తర్వాత యాభై లీటర్లు పోసి తాళం తిప్పుతూనే ఉన్నాడు, ఇంజన్ దగ్గదు, తుమ్మదు. లైన్లో గాలి చేరింది. డీజిల్ అణగదు కాబట్టి పంపు దాన్ని తోయగలదు, గాలి మాత్రం అణిగి ఊరుకుంటుంది, నాజిల్ దాకా ఒత్తిడి పోదు. వాడితోనే గాలి తీయించాను. ఫిల్టర్ తల మీద చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని ఒకటిన్నర తిప్పు వదులు చేయాలి. కింద చేతి పంపును బొటనవేలితో నొక్కుతూ పోవాలి. మొదట్లో ఏమీ రాదు. తర్వాత స్క్రూ చుట్టూ బుసబుసమని సబ్బు నురగలాంటిది వస్తుంది. కొత్తవాళ్లు అక్కడే బిగించేస్తారు. నొక్కుతూనే ఉండాలి. నురగ బుడగలవుతుంది, బుడగలు పలచబడతాయి, చివరికి ఒక్క బుడగ కూడా లేకుండా డీజిల్ దారంలాగా కారుతుంది. పంపు నడుస్తుండగానే, అంటే వేలు నొక్కి ఉన్నప్పుడే, బిగించాలి. వేలు తీశాక బిగిస్తే గాలి మళ్లీ పీల్చుకుంటుంది. వాడికి మూడుసార్లు పట్టింది, బొటనవేలు కమిలింది. ఆ తర్వాత ట్యాంకు పావు వంతు కిందికి దిగలేదు.

డ్రమ్ముల్లో నిల్వ చేసుకునేవాళ్లకు: లైసెన్సు లేకుండా మొత్తం 2,500 లీటర్ల దాకా పెట్టుకోవచ్చు, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకూడదు. డ్రమ్ములు ఎండలో నిలబెడితే మూత మీద వాననీరు నిలిచి లోపలికి దిగుతుంది, పడుకోబెట్టండి.

ఇప్పుడు డబ్బులు. లీటరు డీజిల్ కాల్చితే సుమారు పది యూనిట్లకు సరిపడా వేడి ఉంటుంది. మన చేతికి కరెంటుగా వచ్చేది మూడు, మూడుంబావు. మిగిలింది గొట్టంలోంచీ రేడియేటర్‌లోంచీ ఆకాశానికి పోతుంది. ఒక రోజు లాగ్ బుక్ చూడండి: నడిచింది రెండు గంటల పది నిమిషాలు, 130 యూనిట్లు, ట్యాంకులో స్కేలు పెట్టి చూస్తే 40 లీటర్లు. లీటరుకు 3.25. ఆ రోజు డీజిల్ 95 రూపాయలు దాటి ఉంది కాబట్టి యూనిట్‌కు ఆయిల్ ఖర్చే 29 రూపాయలు, లైన్ కరెంటుకు మూడు నాలుగు రెట్లు. 2012, 2013లలో పవర్ హాలిడేలప్పుడు ఈ సెట్టు మీద ఎన్ని రాత్రులు గడిచాయో, సేటు తల ఎన్ని రాత్రులు పట్టుకున్నాడో నాకు తెలుసు.

అయితే ఆ 3.25 లోడున్నప్పటి లెక్క. రాత్రి కంప్రెసర్లు ఆపేసి లైట్లకూ ఆఫీసుకూ మాత్రమే నడిపితే ఎనిమిది కిలోవాట్లు. ఖాళీగా తిరగడానికే ఇంజన్‌కు ఎట్లాగూ కొంత తిండి కావాలి. గంటకు ఆరు లీటర్లు పోతాయి, వచ్చేది ఎనిమిది యూనిట్లు. లీటరుకు ఒకటింబావు కంటే కాస్త ఎక్కువ, అంతే. పైగా ఇంజన్ సరిగా వేడెక్కదు, కాలని ఆయిల్ గొట్టంలో తారులాగా జిడ్డు పేరుకుంటుంది. లోడు మూడో వంతు కంటే తక్కువతో గంటలకొద్దీ నడపడం ఇంజన్‌కు ఓవర్‌లోడు కంటే మెల్లగా చేసే చెరుపు. చాలామంది "లోడు తక్కువుంటే ఇంజన్ కు మంచిది" అనుకుంటారు, అది తప్పు.

ఆపేటప్పుడు కూడా వరస ఉంది. లైన్ కరెంటు వచ్చి ఐదు నిమిషాలు నిలిచిందా చూసుకుని, కంప్రెసర్లు ఒక్కొక్కటీ ఆపి, బ్రేకర్ దించి, చేంజోవర్ లైను వైపు తిప్పాలి. ఇంజన్‌ను ఐదు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వాలి. టర్బో, అంటే పొగ జోరుతో తిరుగుతూ ఇంజన్లోకి గాలి తోసే చక్రం, ఎర్రగా కాగి ఉంటుంది, వెంటనే ఆపితే దాని బేరింగులకు ఆయిల్ అందక అక్కడే మాడిపోతుంది. తర్వాత తాళం, స్కేలు, పుస్తకం.

పుస్తకం ఇప్పుడు మా అల్లుడు రాస్తున్నాడు. నేను గంటలూ లీటర్లూ మాత్రమే రాసేవాణ్ని. వాడు పక్కన ఇంకో గీత కొట్టి లీటరుకు యూనిట్లు వేస్తున్నాడు. పోయిన నెల రాత్రి పేజీలు విడిగా తీసి కూడాడు. రాత్రి లైట్లకు 15 కేవీఏ సెకండ్ హ్యాండ్ సెట్టు ఒకటుంటే అదే పనికి గంటకు మూడు లీటర్లు చాలని కింద రాసి, ఎర్ర పెన్నుతో చుట్టి, సేటు ముందు పెట్టాడు. సేటు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఇంకా ఏమీ చెప్పలేదు.